శుక్రవారం రేటు

నిజ్వా కోట గోడ కింద
మేకల అంగడి తొమ్మిదింటికల్లా సద్దుమణుగుతది.
అటెనుక తుపాకులయి.
ఒకడు భుజానికి తగిలేసుకొని తిరుగుతుంటడు,
ఇంకొకడు గొట్టంల కన్నువెట్టి ఆకాశం చూస్తడు,
రేటు చెవిల చెప్పుకుంటరు
పిల్లనడిగినట్టు.

నేను జహ్రాన్ అర్బాబ్ దుకాన్ల తుడిచేటోన్ని.
అక్రోటు కర్రకు అవిసె నూనె,
ఇనుముకు సన్న పీచు, పాత బనీను గుడ్డ.
తుప్పు పోవాలె, వయసు పోవద్దు.
అర్బాబ్ నేర్పిన మొదటి ముచ్చట అది.
మెరిసేదాకా రుద్దినవంటే
యాభై రియాళ్లు రాలిపోయినట్టే.

నేనొచ్చిన ఏడు
త్రీనాట్‌త్రీ ఒక్కటి డెబ్బై.
గోడకు కట్టెలు పేర్చినట్టు ఉండేటియి.
ఒకదాన్ని గాలికి తలుపు వడకుంట అడ్డం వెట్టేది.
మూడేండ్లకు నూట ఎనభై.
దుబాయి నుంచి తెల్లబండ్లు దిగవట్టినంక నాలుగు వందలు.
కరోనాకు అంగడి మూతవడ్డది,
తెరిసేసరికి తొమ్మిది వందలు.
మొన్న ఒకాయన పన్నెండు వందలకు ఒట్టు వెట్టిండు.
అర్బాబ్ పదమూడున్నర నుంచి దిగలే,
గావా తాపి పంపిండు.
తలుపుకు అడ్డం వెట్టినదాన్ని
ఇప్పుడు అద్దాల బీరువల పండవెట్టినం.

గుండ్లు దొరకవు దానికి.
దొరికినా పేల్చేటోడు లేడు.
అక్కరకు రానికొద్ది ధర ఎక్కే వస్తువును
నేనిక్కడనే చూసిన.
మా రూముల లింబాద్రికి మోకాలరిగితే
మెడికల్‌ల అన్‌ఫిట్ ముద్ర కొట్టి పంపిన్రు.
అరుగుడు గూడ అందరికీ కలిసిరాదు.

కొనేటోళ్లు ముందుగాల నెంబర్లు చూస్తరు.
బోల్టు మీదిది, బాడి మీదిది ఒక్కటైతే మూడింతలు.
వేరైతే పెదవి విరుస్తరు.
పాస్‌పోర్టుల నేను పోశెట్టి,
బతాక మీద బూషిత్తి.
అరబ్బీల ప లేదట.
నన్ను బీరువల వెడితే
ఎంత కోసేటోళ్లో.

ఓనాడు బోల్టు కింది పట్టీ తుడుస్తుంటే
ముద్ర తేలింది. ఇషాపూర్, నలభై మూడు.
ఏడో తరగతి ఇంగ్లీషుతోని కూడబలుక్కున్న.
ఓహో, మనదే.
దీనికెవడు వీసా కొట్టిండో,
ఏ ఓడల వచ్చిందో, ఏజెంటెంత తిన్నడో.
నాకు అరవై వేలు వడ్డది అప్పుడు.
అదే వీసా ఇప్పుడు లక్షా ముప్పై.
పెరిగింది వీసానే,
దాని మీద వచ్చినోడు తొంభై రియాళ్లకాడ్నే ఉన్నడు.

శుక్రవారం శుక్రవారం ముసల్లం అని ఒక ముసలాయన వస్తడు.
కొండ మీది ఊరు, దానిమ్మ తోటలోడు.
నడుముకు గుండ్ల పట్టా ఉంటది, గుండ్లుండయి.
అద్దం ముంగట నిలవడి
అదే తుపాకికి వేలు చూపి "బికమ్?" అంటడు.
చెప్త.
ఈసారి ఎండలు ముదిరినయన్నట్టు తలూపి పోతడు.

ఆయనదేనట.
తోటకొచ్చే కాలువ ఎండిన ఏడు
డెబ్బైకి అమ్మిండట మా అర్బాబ్‌కే.
కర్ర మీద మూడు గాట్లున్నయి.
తోడేళ్లకా, మనుషులకా, అడగలే.
వాటిని నేను ఎన్నడు రుద్దలే.

పోయిన వారం అర్బాబ్ జుమ్మాకు పోయిండు.
తాళం నా నడుముకున్నది.
ముసలాయన వచ్చి నిలవడ్డడు,
రేటు అడగలే.
తీసి ఇచ్చిన.

చేతులకు వచ్చుడుతోనే ఆయన వీపు నిలువైంది.
బోల్టు ఎనుకకు లాగిండు, ముందుకు కొట్టిండు.
ఆ చప్పుడు గోడకున్న ఖాళీ గొట్టాలన్నీ ఇన్నయి.
బొటనవేలు మూడో గాటు మీద
కొంచెంసేపు ఆగింది.
పిల్లను తల్లికిచ్చినట్టు నాకిచ్చి
చెప్పులేసుకొని పోయిండు.

అర్బాబ్ వచ్చి బీరువ చూసిండు.
నూనె మీద వేలిముద్రలు.
"ఎవలొచ్చిన్రు?"
ఎవలో పెద్దమనిషి, రేటడిగిండన్న.
"ఎంత చెప్పినవ్?"
నోటికొచ్చింది చెప్పిన, పదిహేను వందలని.
"ఏమన్నడు?"
ఏమనలే, మళ్లొస్తనన్నడన్న.

అర్బాబ్ గడ్డం నిమురుకున్నడు.
గల్ల పెట్టెలకెల్లి చీటీ తీసి
పదమూడున్నర కొట్టేసి
పదిహేను రాసిండు.